ఎవరికి చెప్పి వచ్చావు?

ఆ కొండ మీద పాత కోట ఉంది. కూలిన గోడలు, మొండి బురుజులు, పై ద్వారం పక్కన ఒక కావలి గది. మేకలు కాసేవాళ్లు కూడా పొద్దు వాలితే ఆ గది ఛాయలకు పోరు. చీకటి పడ్డాక అక్కడ రాయి మాట్లాడుతుందట. ఏం మాట్లాడుతుందని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. వినేదాకా నిలబడితే కదా చెప్పడానికి!

మన శాసనాలాయనకు ఇలాంటివి చెబితే నవ్వొచ్చేది. పాత రాళ్ల మీది అక్షరాలకు తడి కాగితం అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా పూసి అచ్చు తీయడం ఆయన ఉద్యోగం. "రాయి మాట్లాడితే నాకు కాక ఇంకెవరికి వినిపిస్తుందయ్యా" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

వాళ్ల ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. బయటి పనికి వెళ్లేవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారో నల్లబల్ల మీద రాసి వెళ్లాలి. ఆ శుక్రవారం ఈయన ఏమీ రాయలేదు. కావలి గది లోపలి గోడ మీద ఇంతవరకు ఎవరూ చదవని శాసనం ఉందని ఆయనకు తెలిసింది. బల్ల మీద రాస్తే పై అధికారి వెంటబడి వస్తాడు, వస్తే చదివిన ఘనతంతా ఆ అధికారి ఖాతాలోకే పోతుంది. ఆమె నోట ఆఫీసుకు పొక్కుతుందేమోనని భార్యతో కూడా అబద్ధమాడాడు.

"ఊళ్లోనే ఉంటానులే. ఆఫీసులో పని చాలా ఉంది, సోమవారం దాకా అక్కడే పడుకుంటాను."

కొండబూట్లను సంచిలో దాచి తీసుకెళ్లి, కొండ కింద తొడుక్కున్నాడు. ఏడాదిగా ముచ్చటపడి కొనుక్కున్న బూట్లు అవి. చీలమండ పైదాకా దళసరి తోలు, అడుగున లోతైన గాళ్లు. ఆ బూట్లతో గుండ్లూ ముళ్లూ లెక్కచేయకుండా మధ్యాహ్నానికల్లా పైకెక్కేశాడు.

శాసనం నిజంగానే ఉంది. కాగితం అద్దాడు, కొట్టాడు, సిరా పూశాడు. ఇక ఆరాలి... ఆరకుండా లాగితే పీలికలవుతుంది. ఇంతలో మంచు కమ్మింది. కాగితం ఆరలేదు, పొద్దు ఆగలేదు.

చీకటి పడుతుండగా అక్షరాలు ఎలా వచ్చాయో చూద్దామని రెండడుగులు వెనక్కి వేశాడు. కాలికింద బండ ఒక్కసారిగా ఒరిగింది. కుడికాలు పిక్కదాకా దిగబడింది. బండ మళ్లీ సర్దుకుని కూర్చుంది -- ఆయన బూటును పట్టుకుని.

లాగాడు. రాలేదు. తిప్పాడు, తన్నుకున్నాడు. లాగిన కొద్దీ అడుగున గాళ్లు రాతి అంచుకు ఇంకా గట్టిగా పట్టుకుంటున్నాయి. ఫోనులో సిగ్నల్ కొండ కిందే పోయింది. గొంతు పోయేలా అరిచాడు. ఆ అరుపు నాలుగు గోడల మధ్యే తిరిగి ఆయన చెవిలోనే పడింది.

అప్పుడు లెక్క అర్థమైంది. సోమవారం దాకా తనకోసం ఎవరూ చూడరు. చూసినా ఇక్కడికి రారు.

ఎంతసేపు గడిచిందో తెలియదు. కాలు తిమ్మిరెక్కింది. నోరు పిడచకట్టుకుపోయింది. అప్పుడు... కాలి కింది సందులోంచి మాట వినిపించింది.

"కదలకు... కదిలితే ఇంకా దిగుతుంది."

ఆయన సందు వైపు వంగాడు.

"ఎవరు?"

"నీలాగే... ఇరుక్కున్నవాణ్ణి."

భయం పోయి ప్రాణం లేచొచ్చింది. కోటల్లో కావలి గది కింద ధాన్యం కొట్టు ఉండటం మామూలే. కొండ చూడటానికి వచ్చిన వాడెవడో అందులో పడి ఉంటాడు. దెయ్యమూ లేదు, భూతమూ లేదు.

"ఎవరికి చెప్పి వచ్చావు?" అని అడిగింది కింది గొంతు.

అలవాటుపడ్డ నాలుక ఊరుకుంటుందా?

"మా ఆవిడకు చెప్పాను. ఆఫీసులో రాసి వచ్చాను. తెల్లారేసరికి వచ్చేస్తారు."

కింది గొంతు మళ్లీ అడిగింది.

"నిజంగానా?"

ఆ ఒక్క మాటకు ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది. "లేదు... ఎవరికీ చెప్పలేదు. ఊళ్లోనే ఉంటానన్నాను."

"నేనూ అదే చెప్పాను... మావాళ్లు ఊళ్లోనే వెతుకుతుంటారు."

పైన గాలి ఈల వేస్తోంది.

"కాలు వాచిందా?"

"ఇప్పుడిప్పుడే."

"అయితే ఆలస్యం చేయకు. లేసులు కోసెయ్. బూటు వదిలెయ్."

"కొత్త బూట్లండీ..." అన్నాడు. అని తనకే సిగ్గేసింది.

"నేనూ అలాగే అనుకున్నాను."

కాగితాలు కోసే చాకు జేబులోనే ఉంది. వంగి, చీకట్లో తడుముకుంటూ ఒక్కో లేసే తెంచాడు. తోలును రెండు పక్కలకు విడదీసి, పళ్లు బిగబట్టి లాగాడు. మడమ మీది చర్మం ఊడింది గానీ కాలు బయటికొచ్చింది.

బోర్లా పడుకుని సందులోకి నోరుపెట్టి చెప్పాడు. "ఓపిక పట్టండి. మనుషుల్ని తీసుకొస్తాను."

"ఇంట్లో చెప్పు..." అంది గొంతు. అంతే, మళ్లీ పలకలేదు.

కాగితం సంగతే మరిచిపోయి, ఒంటి బూటుతో కుంటుకుంటూ తెల్లారేసరికి ఇల్లు చేరాడు. తలుపు తీసిన భార్య ఆయన కాళ్ల వంక చూసింది.

"ఆఫీసులో ఇదేం పనండీ?"

ఆయన ఏదీ దాచకుండా చెప్పేశాడు. ఆమె కోపం తర్వాతికి అట్టేపెట్టి, ముందు అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేసింది. "అక్కడ ఇంకో మనిషి ఉన్నాడట, త్వరగా వెళ్లండి" అంది.

మధ్యాహ్నానికి అగ్నిమాపక కేంద్రం వాళ్లు నలుగురు గడ్డపారలతో బండను లేపారు. వద్దన్నా వినకుండా శాసనాలాయన కూడా వాళ్లతో ఎక్కాడు. కింద కొట్టూ లేదు, గదీ లేదు. మనిషి లోతున్న ఇరుకు సందు, అంతే. ముందు ఈయన బూటు బయటికొచ్చింది. దానికి మూరెడు కింద ఇంకో కొండబూటు కనబడింది. తోలు ఎండి బిగుసుకుపోయింది, లేసులు మాత్రం రెండు ముళ్లేసి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

వాళ్లలో పెద్దవాడు దాన్ని తీద్దామని చెయ్యి వేసి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"ఇందులో కాలుందండీ" అన్నాడు నెమ్మదిగా. "మిగతా ఎముకలూ ఆ మట్టిలోనే ఉన్నాయి. ఈ రకం బూట్లు రావడం మానేసి ముప్ఫై ఏళ్లవుతుంది."

శాసనాలాయన సందు పక్కన కూలబడ్డాడు.

"వాళ్ల ఇల్లెక్కడో కనుక్కోండి" అన్నాడు. "ఇంట్లో చెప్పమన్నాడు."