ఆదివారం మొరాయించే పికప్

ఎడమవైపు ఇండికేటర్ వేశాను. హారన్ మోగింది.

పొరపాటున చెయ్యి తగిలిందేమో అనుకుని ఇండికేటర్ తీసేశాను. హారన్ ఆగలేదు. బ్రేకు తొక్కితే వైపర్లు తిరిగాయి. హెడ్‌లైట్ స్విచ్ నొక్కితే ఏమీ జరగలేదు. మొత్తం బండిలో అదొక్కటే కాస్త మర్యాదగా ప్రవర్తించింది. ఆదివారం ఉదయం ఏడింటికి మా వీధి వీధంతటినీ నిద్రలేపిన ఘనత అలా నాకు దక్కింది.

ఆ పెట్రోలు పికప్ మా మేనమామది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. ఆయన కొత్తది కొనుక్కుని, పాతదాన్ని తుక్కుకి వెయ్యడానికి మనసొప్పక నాకిచ్చాడు. మేనల్లుడి మీద ప్రేమ అని ఆయన చెప్పుకున్నాడు. వాడి పెరడు ఖాళీ చేసి నా పెరడు నింపాడని అమ్మ చెప్పుకుంది.

నేను పగలంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. గోడ ఎక్కడుండాలో తెలిసినవాడికి వైరు ఎక్కడుండాలో తెలియదా అన్న ధీమాతో పదకొండు వీడియోలు చూసి, పాత వైరింగంతా పీకేసి కొత్తది వేశాను. పీకేముందు ఏ వైరు ఎక్కడిదో రాసిపెట్టుకోవాలని పన్నెండో వీడియోలో చెప్పారట.

హారన్ మోగుతూనే ఉంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఏదో అంటోంది. వినబడకపోవడమే మంచిదైంది. అప్పుడు గేటు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది. చేతిలో స్పానర్, నెత్తిన ఎలాగోలా చుట్టిన ముడి, మొహం నిండా చెడిన నిద్ర తాలూకు కోపం. నావైపు చూడను కూడా చూడకుండా బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్ ఊడదీసింది. వీధి ఊపిరి పీల్చుకుంది.

"వైరింగ్ ఎవరు చేశారు?" అని అడిగింది.

"నేనే," అన్నాను. గొంతులో కాస్త గర్వం కూడా ఉందనుకుంటాను.

"ఎవరి మీద కోపంతోనండీ?"

వీధి చివర బ్యాటరీ షాపు ఆ అమ్మాయి పెదనాన్నది. అక్కడ బళ్ళకి కరెంటు పని మొత్తం చేసేది ఆమే. అందరూ ఫ్యూజు అని పిలుస్తారు. ఎగిరిపోయిన ఫ్యూజులు వేస్తుంది కాబట్టి అని కొందరంటారు. ఆమెతో బేరమాడి చూసినవాళ్ళు వేరే కారణం చెబుతారు.

షాపుకి సెలవు కాబట్టి ఆదివారాలు వచ్చి సరిచేస్తానని ఒప్పుకుంది. నాకోసం కాదట, మళ్ళీ అలాంటి ఆదివారం రాకుండా ఉండటానికట. ఆ రోజే నా కష్టార్జితాన్నంతా కత్తిరించి బకెట్లో పడేసింది. పాపం ఎంత జాగ్రత్తగా చుట్టాడో అని అమ్మ ఒక్కమాట అనబోతే, జాగ్రత్తగా చుట్టిన విషయం నిజమేనండీ, అంది. అమ్మకి ఆమె ఆ క్షణం నుంచే నచ్చేసింది. కన్నకొడుకుని అంత శుభ్రంగా తిట్టే మనిషి ఇన్నాళ్ళకి దొరికింది మరి.

నా పని టార్చి పట్టుకోవడం. పట్టుకోవడం కూడా రాదని రెండో వారానికి తేలింది. లైటు వైరు మీద పడాలి, నా మొహం మీద కాదు అని ఆమె అనేది. నేను ఆమె మొహం మీద వేస్తున్నానన్నది అసలు సమస్య. ఆ సంగతి ఇద్దరం పైకి అనలేదు.

బండి పైకప్పు మీద వరసగా ఆరు లైట్లు పెట్టించాలని నా కోరిక. ఆరెందుకని అడిగింది. చీకట్లో బాగా కనిపిస్తుందన్నాను.

"ఏం కనిపించాలి ఇంజినీరు గారూ? మీ తెలివితేటలా? వాటికి ఆరు చాలవు."

లైట్ల కోరిక అక్కడితో ఆరిపోయింది. బదులుగా వెనక తొట్టికి రెండు పక్కలా తాళం వేసుకునే పొడవాటి పెట్టెలు, కిందికి దించితే బల్లలా నిలబడే తలుపు పెట్టిద్దామంది. ఎందుకో చెప్పలేదు. నేను మాత్రం ఆ రాత్రే అంగుళాలతో సహా ప్లాన్ గీసి తెచ్చాను. ఆమె కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, చాలాసేపు చూసి, బాగుందంది. ఆ ఒక్క మాటా మడతపెట్టి జేబులో వేసుకుని నాలుగు రోజులు తిరిగాను. ఆఫీసులో ఆ వారం నేను గీసిన ఒక ఇంటికి తలుపే లేదని పై అధికారి పిలిచి చెప్పాడు.

నాలుగో ఆదివారం వాన పడింది. మామూలు వాన కాదు, ఎవరో పగబట్టి కుమ్మరించినట్టు. ఇద్దరం క్యాబిన్లోకి దూరాం. ఆ పైకప్పుకి ఉన్నది ఒకే ఒక్క చిల్లు. అది సరిగ్గా నా నెత్తి మీద ఉంది. ఆమె కాసేపు నేను తడవడాన్ని ఏకాగ్రతతో చూసింది. తర్వాత సీటు మీదున్న స్పానర్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఇటు జరుగు," అంది.

అప్పటిదాకా ప్రతి తిట్టునీ 'అండీ' తగిలించి మరీ తిట్టిన మనిషి. ఆ 'జరుగు'తో నా పని అయిపోయింది. ఒక పక్క భుజం నుంచి నీళ్ళు కారుతున్నాయి, రెండో పక్క భుజం ఆమె భుజానికి ఆనుకుని ఉంది. వాన ఆగకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పది నిమిషాల్లో ఆగిపోయింది.

అయిదో ఆదివారానికి వైరింగ్ పూర్తయింది. ఇండికేటర్ వేస్తే ఇండికేటరే వెలిగింది. ఇంతకంటే విచారకరమైన దృశ్యం నేను చూడలేదు. బండి బాగుపడితే ఆమె ఎందుకు వస్తుంది?

అందుకని మరుసటి శనివారం నేనే వెళ్ళి ఎర్త్ వైరు వదులు చేశాను. ఆదివారం ఉదయం బండి స్టార్టవడం లేదని దిగులుగా ఫోన్ చేశాను. వచ్చింది, మూడు గంటలు వెతికింది, బిగించింది. ఆ పై వారం మంచి ఫ్యూజు తీసి మాడినది పెట్టాను. మూడోవారం కాయిల్ వైరు పీకాను. నాలుగోవారం కొత్త ఐడియా ఏదీ తట్టక లైట్లు వేసి వదిలేసి బ్యాటరీ దించేశాను. ప్రతిసారీ ఆమె రావడం, బానెట్ కింద తలపెట్టి లోకాభిరామాయణం మాట్లాడుతూ పూటంతా వెతకడం. వదులైన ఒక్క వైరు కనిపెట్టడానికి ఇంత పనిమంతురాలికి మూడు గంటలెందుకని నాకు అనుమానం రాలేదు. నేను తెలివైనవాణ్ణని ఎవరన్నారు?

ఆ నాలుగో ఆదివారం సాయంత్రం వెళుతూ, రేపు పదింటికి ఒకావిడని తీసుకొస్తాను, బండి చూస్తారు అని చెప్పి వెళ్ళిపోయింది. బాగుపడ్డాక అమ్మేస్తానని మొదట్లో నేనే గొప్పగా అన్నాను. కొనేవాళ్ళని తెస్తోందన్నమాట. బండీ పోతుంది, ఆదివారాలూ పోతాయి. రాత్రంతా ఆలోచించి, తెల్లారి ఆఫీసుకి సెలవు పెట్టి ఒక మంచి పని చేశాను. ఇంజన్ పక్కన డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి రోటర్ లాగి జేబులో వేసుకున్నాను. ప్లగ్గులకి నిప్పు పంచేది ఆ బొటనవేలంత ముక్కే. అది లేకపోతే ఇంజన్ తిరుగుతుంది గాని అంటుకోదు.

పదింటికి ఫ్యూజు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చింది. ఆమె మోచేతులకి గ్రీజు లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. వెంట ఒక పెద్దావిడ. మొక్కల నర్సరీ యజమానురాలట. అమ్మ కుర్చీ వేసింది. ఆవిడ కూర్చోకుండా బండి చుట్టూ ఒకసారి తిరిగి, తొట్టిలో పెట్టెలు తెరిచి చూసి నాతో అంది:

"నా దగ్గర ఇలాంటి పాత పికప్‌లు ఆరున్నాయి బాబూ. ఈ అమ్మాయి సొంతంగా షెడ్డు పెడతానంటోంది. మాటలు అందరూ చెబుతారు, చేసిన పని చూపించమన్నాను. ఇది నచ్చితే ఆరు బళ్ళూ తనకే. లేకపోతే మా పాత మెకానిక్కే."

నేను ఫ్యూజు వైపు చూశాను. పని ఖాయమయ్యాక నాకు చెబుదామనుకుందని ఆ మొహమే చెప్పింది. జేబులో రోటర్ బరువెక్కింది. అప్పుడే నోరు తెరిస్తే సరిపోయేది. నేను తెరవలేదు. ఆమె అప్పటికే తాళం తిప్పింది.

స్టార్టర్ తిరిగింది. ఇంజన్ అందుకోలేదు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ. నర్సరీ ఆవిడ వాచీ చూసుకుంది. ఫ్యూజు దిగి బానెట్ ఎత్తింది. ఈసారి మూడు గంటలు పట్టలేదు, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి ఖాళీని చూసి, తలెత్తి నన్ను చూసింది. తిట్టినా బాగుండేది. మా అమ్మతో కలిసి నన్ను కొట్టినా బాగుండేది.

ఆమె మూత మూసి, చేతులు తుడుచుకుంది.

"లోపం నాదేనండీ," అంది ఆవిడతో. "నిన్న సరిగ్గా చూసుకోలేదు."

సరేలేమ్మా, ఇంకోసారి చూద్దాం అని ఆవిడ గేటు వైపు తిరిగింది. ఆ ఇంకోసారి రాదని అక్కడున్న నలుగురికీ తెలుసు. ఫ్యూజు ఒక్క మాట చెబితే తప్పు నా మీదికి వచ్చేది. చెప్పలేదు. రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించుకున్న పేరుని నాకోసం నేలమీద పడేసి, స్పానర్లు సర్దుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి అడ్డంగా వెళ్ళి జేబులోంచి రోటర్ తీసి అరచేతిలో చూపించాను.

"ఇది నేనే తీశానండీ. పొద్దున్న. ఆమె పనిలో ఏ లోపమూ లేదు."

"ఎందుకు తీశావు?" ఆవిడ అడిగింది.

"మీరు బండి కొనడానికి వస్తున్నారనుకున్నాను. బండి పోతే ఆదివారాలు ఈమె రాదు. ఈమె రాకపోతే నేను ఉండలేను."

ప్రేమ విషయం ప్రేమించినమ్మాయికి మొదట చెప్పాలంటారు. నేను మొక్కలమ్మే ఆవిడకి చెప్పాను, అదీ మా అమ్మ ఎదురుగా. ఆవిడ రోటర్ వైపు చూసి, ఇలా పీకడం మొదటిసారేనా అంది.

"కాదండీ, అయిదోసారి," అంది ఫ్యూజు నేల చూస్తూ. "ముందు నాలుగుసార్లూ నాకు తెలుసు. తెలిసే వచ్చాను."

ఆవిడ ఆమెని చూసి, నన్ను చూసి, మా అమ్మని కూడా చూసింది.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టుకుని వదిలేశావన్నమాట. అందుకే ఇవాళ ఇంత పెద్ద దొంగతనం జరిగింది."

రోటర్ పెట్టాక బండి మొదటి తిప్పుకే అందుకుంది. ఆవిడ చెవి ఒగ్గి విని, ప్రస్తుతానికి ఒక బండి ఇస్తాను, మూడు నెలలు చూసి మిగతా అయిదూ అంది. ఈ అబ్బాయి మాత్రం వాటి దరిదాపుల్లోకి రాకూడదు అని షరతు పెట్టింది. ఫ్యూజు ఒప్పుకుని ఆవిడతో వెళ్ళిపోయింది. నావైపు చూడలేదు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా రాలేదు. ఫోన్ ఎత్తలేదు. బండి మాత్రం సిగ్గులేకుండా రోజూ మొదటి తిప్పుకే స్టార్టయ్యేది. ఇంట్లో కూర్చుని ఎవరికోసం చూస్తున్నావు, ఆ పిల్ల నీ ప్లాన్ కాగితం కాదు బల్ల మీదికి రావడానికి, దాని దగ్గరికి నువ్వే కాళ్ళతో నడిచి వెళ్ళాలి అని అమ్మ అంది. నేను నడవలేదు, బండిలో వెళ్ళాను.

ఆమె కొత్తగా పెట్టిన షెడ్డు రేకులది, ఐసు ఫ్యాక్టరీ వెనక. నర్సరీ బండి తలుపు తీసి ఉంది, డాష్‌బోర్డు కింద సగం మనిషి మాత్రమే కనిపిస్తోంది. ఆ సగం మనిషి పక్కన నా పికప్ తాళాలు పెట్టాను. దారిలో ఆగిపోయిన బళ్ళ దగ్గరికి సామాన్లతో వెళ్ళడానికి ఒక బండి కావాలి కదా, ఆ పెట్టెలూ బల్లా నీకోసమే గీయించుకున్నావని నాకిప్పుడు బుర్రకెక్కింది, తీసుకో అన్నాను. క్షమించమన్నాను. ఆ మాట మూడుసార్లు అన్నట్టున్నాను.

ఆమె బయటికి వచ్చి లేచి కూర్చుంది. తాళాలు చూసింది. ఇంతసేపూ ఏడవనట్టు నటించే మనిషిలా ముక్కు ఎగబీల్చింది.

"బండి నాకిచ్చేస్తే, ఇక ఏ వంకతో పిలుస్తావు నన్ను?"

"పిలవను. నేనే వస్తాను. వంక లేకుండా."

ఆమె తుప్పు పట్టిన బ్యాటరీ ట్రే ఒకటి నా ముందుకి తోసి, ఇనుప బ్రష్ చేతికిచ్చింది.

"గీకు," అంది. "నాకింకా కోపం పోలేదు. పోయేదాకా రోజూ వచ్చి పనిచెయ్యి."

ఆ కోపం ఇప్పటికీ పోలేదట. మా పెళ్ళయి రెండేళ్ళు దాటింది.