సింహం మీద సూది

"ఇంకా ఎలుకల దగ్గరే ఉన్న మందుని మనుషులకి పొడిచేస్తున్నారు దుర్గా! అదీ మనవాళ్లకి!"

రాజమండ్రి లాడ్జి గదిలో చీఫ్ విజయ్ పాల్ బల్ల గుద్దాడు. ఏజెంట్ నాగదుర్గ పళ్లు కొరికింది.

హెర్పీస్ జాతి వైరస్ నరాల్లో నక్కి కూర్చుంటుంది. మనం అక్కి అంటామే, ఆ మంటపొక్కులూ దాని పనే. నక్కిన వైరస్ డీఎన్‌ఏని కత్తిరించేసే జీన్ ఎడిటింగ్ మీద పెద్ద పెద్ద ల్యాబులు ఓపిగ్గా పని చేస్తున్నాయి. రేపెప్పుడో మందు రావచ్చు. ఈలోగా 'బ్లూ హెరాన్' అనే విదేశీ ముఠాకి ఆత్రం ముంచుకొచ్చింది. యానాంలో ఉచిత క్యాంపని చెప్పి, జాలర్ల మీద దొంగ ట్రయల్ మొదలెట్టింది.

"భయం లేదు. లోపల మన డాక్టర్ రమ్యశ్రీ ఉంది. మందు పారబోసి సీసాల్లో సెలైన్ నింపేసింది. ముఠా నాయకుడు వాల్టర్ తన చేత్తో సిరంజి అందించగానే సిగ్నల్ ఇవ్వు. మైకు నీ ముక్కుపుడకలో ఉంది. కోడ్ వర్డ్ పులస."

మర్నాడు పొద్దున్నే నాగదుర్గ చేపలమ్మే మనిషి వేషంలో, కొంగు మొహం మీదికి లాక్కుని క్యాంపులో కూర్చుంది. కొంగు సందులోంచి బల్ల మీద పడుకున్న మొదటి పేషెంటుని చూసింది. తలుపులమ్మ. సొంత పిన్ని!

రమ్యశ్రీ నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి తోసి, ఎర్రటి పెదాలతో నవ్వుతూ స్పిరిట్ దూది తీసింది. పిన్ని డొక్క మీద, అక్కి పొక్కులపైన, అక్కి తగ్గడానికని కుమ్మరి ఎర్రటి జాజుతో వేసిన సింహం బొమ్మ ఉంది.

"అయ్యో, తుడవకండమ్మా!" పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. "సింహాన్ని చెరిపితే అక్కి తిరగబెడుతుందండి. చేతికి పొడవండి."

"కుదరదు. ఈ నరం దగ్గరే పొడవాలి."

"చేతికైతే ఏం పోయిందండి?"

"నోర్ముయ్! ఇక్కడే!"

నాగదుర్గకి ఒళ్లు మండిపోయింది. ఉత్త సెలైన్‌కి డొక్కైతేనేం, చెయ్యైతేనేం? అంటే సీసాలో ఉన్నది సెలైన్ కాదు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం ఈ రమ్యశ్రీ!

అప్పుడే లోపల్నుంచి వచ్చిన వాల్టర్ సిరంజి అందించాడు. రమ్యశ్రీ పిన్ని చెయ్యి పక్కకి నెట్టేసి సూది దించబోయింది.

"పులస వచ్చిందండోయ్!"

అరుస్తూనే నాగదుర్గ ఒక్క గెంతున వెళ్లి రమ్యశ్రీ మణికట్టు పట్టేసింది. సూదిమొన పిన్ని చర్మానికి వెంట్రుకవాసిలో ఆగింది.

"దుర్గా, నీకు పిచ్చా? అది సెలైనే!" గుసగుసలాడింది రమ్యశ్రీ.

"అలాగా? అయితే నీకే పొడుస్తా." సిరంజి లాక్కుని ఆమె వైపు తిప్పింది.

రమ్యశ్రీ కెవ్వుమని గోడకి అతుక్కుపోయింది. "వద్దు! ఏమవుతుందో మాకే తెలీదు!"

విజయ్ పాల్ మనుషులు తలుపులు తోసుకొచ్చారు. వాల్టర్ కిటికీ ఎక్కబోతే చేపలమ్మే ఆడవాళ్లు కాళ్లు పట్టుకుని కిందికి లాగేశారు.

"అంతా సైన్స్ కోసమే," అన్నాడు వాల్టర్ వచ్చీరాని తెలుగులో.

"మందు రావాలిరా! ఈ మంటకి పిన్ని పక్క మీద వాలలేక ఏడుస్తుంటే నాకు తెలీదా? కానీ ఎలుక తర్వాత వరసలో మా పిన్నిని నిలబెట్టావేం? మీ అమ్మ ఊళ్లో లేదా?"

అవతల బేడీలు చూసి రమ్యశ్రీ చేతులు వెనక్కి లాక్కుంది.

"ఆ ఇనుము నాకు పడదండి, ఎలర్జీ. ముందు ఎవరైనా స్కిన్ డాక్టర్ని అడగండి."

"ఓహో! తమరి వంటికైతే ముందు అడగాలన్నమాట," అంటూ నాగదుర్గ బేడీ ఇంకో నొక్కు బిగించింది.