శోకిని ఊరుకున్నాక

ఆ మధ్యాహ్నం వరాలు వరండాలో నిలబడి గాలిలో చేపలు కోస్తోంది. చేతిలో కత్తి లేదు, ఎదుట చేపా లేదు. అయినా కుడిచెయ్యి మొప్ప దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఒక్క గీతలో దిగుతోంది. ఎడమచెయ్యి నడిముల్లు లాగి పక్కన పడేస్తోంది. ఉదయం ఎక్కించుకున్న పాఠం ఒంట్లో ఇంకేదాకా చేతులు అలా ఆడుతూనే ఉంటాయి. ఎదురింటి గడపలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న పైడమ్మకు ఈ వేషాలు అలవాటే.

"రేపట్నుంచి కొత్త డ్యూటీ అత్తా. ముప్పై ఏళ్ళు సేపలు కోసినోడి సెయ్యట ఇది. ఎలగుంది?" అంది వరాలు.

"ఆడి సెయ్యి బాగానే ఉంది గానీ నీ పొయ్యి మీద కూర మాడిపోతంది, ఎల్లి సూసుకో."

మెడబిళ్ళ వచ్చి పదిహేనేళ్ళయింది. రూపాయి బిళ్ళంత ఉంటుంది, మెడ వెనక అతుక్కుంటుంది. పని తెలిసినవాడి కదలికలను పట్టుకుని తెలియనివాడి నరాల్లోకి దించుతుంది. బుర్రకు ఏమీ తెలియనక్కర్లేదు, ఒంటికి తెలిస్తే చాలు. అందుకే దాన్ని ఒంటిపాఠం అన్నారు. ఈత, కుట్టుపని, లారీ నడపడం, అన్నీ ఒక పూటలో వచ్చేస్తున్నాయి. ప్రభుత్వం ఒక పాఠాన్ని పెద్దవాళ్ళందరికీ ఉచితంగా ఇచ్చింది. అది గుండెపాఠం. గుండె ఆగినవాడి ఛాతీ ఎక్కడ, ఎంత బలంగా, ఎంత వేగంగా నొక్కాలో ఊరందరి చేతులకూ వచ్చేసింది. ఊరంతా సగం వైద్యులే అయినప్పుడు వాడవాడకూ బండెందుకని అంబులెన్సులను ఒక్కచోటికి చేర్చారు. ఆ ఆలోచన తప్పని అనడానికి లేదు. చాలామంది బతికారు.

యాభై అయిదు దాటిన నరాలకు మాత్రం పాఠం ఎక్కదు. పైడమ్మకు ఎక్కలేదు, ఆమె భర్త తవిటినాయుడికీ ఎక్కలేదు. సముద్రపు ఒడ్డున చేపల ఫ్యాక్టరీవాళ్ళ మేడల్లో, మూడో అంతస్తులో, చేత్తో నేర్చుకున్న పనులతోనే బతుకుతున్న ముసలి జంట వాళ్ళొక్కటే. అయినా ఆ వరండాలో పైడమ్మకున్న పేరు ఎవరికీ లేదు. ఆమె శోకిని కదా మరి.

శోకిని ఒక ఆట. ఇరవై ఒకటి దాటినవాళ్ళకే అనుమతి, వాళ్ళలోనూ కొందరు మొదటిరోజే వాంతి చేసుకుని మానేశారు. కళ్ళకు పల్చటి కనుపొర తగిలించుకుంటే ఆడేవాడి సొంత ఇల్లే పాడుపడిన ఇల్లవుతుంది, సొంత వరండాలోనే చచ్చిన ఆడమనిషి తిరుగుతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆమె. దొరికినవాడి పక్కటెముకలు ఒక్కొక్కటీ విరిచి లోపల తన బిడ్డ కోసం వెతుకుతుంది. ఆ విరగడం మెడబిళ్ళ వల్ల కొంత ఒంటికి తెలుస్తుంది కూడా. తప్పించుకునే దారి ఒక్కటే. ఆమె శోకం వినపడగానే మొహం తిప్పుకోవాలి, తలుపు మూసెయ్యాలి. ఆమె ఊరుకున్నాక మూడువందలు లెక్కపెట్టి గానీ తియ్యకూడదు. మధ్యలో మళ్ళీ ఏడిస్తే మళ్ళీ ఒకటి నుంచి. ఆలోచించేవాడు చస్తాడు కాబట్టి కంపెనీ ఈ విద్యను కూడా ఒంటిపాఠంగానే ఇచ్చింది. జనం రోజూ ఎక్కించుకున్నారు. రెండేళ్ళలో తీరం పొడుగునా, పాఠం ఎక్కే వయసువాళ్ళలో ఆ ఆట ఆడనివాళ్ళు లేరు.

ఆ శోకం పైడమ్మది. యంత్రంతో చేయించిన ఏడుపులు ఎన్ని పెట్టినా ఆడేవాళ్ళు జడవడం లేదని కంపెనీ కుర్రాడు శశాంక్ వెతుక్కుంటూ వచ్చాడు. "యంత్రానికి ఎవరూ చచ్చిపోలేదు కదమ్మా, అదీ ఇబ్బంది" అన్నాడు. చావు జరిగిన ఇంట్లో పైడమ్మ గొంతెత్తితే ఎంతటి మొండివాడైనా గోడకు ఆనుకోవలసిందే. పోయినవాడి మంచీ చెడూ వరసపెట్టి, పేరు పెట్టి పిలుస్తూ శోకాలు తీసేది. వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చిన విద్య అది.

ఆమె మొదట ఒప్పుకోలేదు. "ఎదర శవం లేకుండా ఏడుపెలగొస్తాది బావూ?"

"శవానికేటి లోటు, నాను లేనా?" అన్నాడు తవిటినాయుడు. రికార్డింగు గదిలో నేలమీద బారుగా పడుకున్నాడు. జేబురుమాలుతో కాలి బొటనవేళ్ళు తనే కట్టుకున్నాడు. బతికున్నవాడి మీద శోకం తియ్యకూడదని పైడమ్మ తిట్టింది. రెండుసార్లు మొదలుపెట్టి నవ్వేసింది. మూడోసారి మాత్రం కదలని ఆ వేళ్ళు చూసేసరికి లోపలెక్కడో తెగింది. ఆమె ఆపిన తరువాత శశాంక్ రికార్డింగు ఆపడమే మరిచిపోయాడు. తవిటినాయుడు లేచి ఒళ్ళు దులుపుకుని, అప్పటినుంచి కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు: "శోకిని ఏడుపు ముందర పడుకుని లేసొచ్చినోణ్ణి నానొక్కణ్ణే." ఆ గొంతు ఇంకెక్కడా ఎత్తకూడదని కంపెనీ రాయించుకుంది, అప్పటినుంచి పైడమ్మ ఏ చావింటికీ వెళ్ళలేదు.

చింతపండు పని అయిపోతుండగా తవిటినాయుడు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఉప్పు సంచి ఉంది. రోజూ వచ్చినట్టు గడప దాకా రాలేదు. మెట్ల దగ్గరే గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఏటయ్యా, అక్కడే కూలబడిపోనావు?"

"ఏటోనే... గుండెల్లో రాయెట్టినట్టుంది" అన్నాడు. తరువాత పక్కకు ఒరిగిపోయాడు.

పైడమ్మ పరుగెత్తి గోడకున్న ఆపద్గంట నొక్కింది. గోడలోంచి నెమ్మదైన గొంతు పలికింది. "కబురు అందింది. ఈ అంతస్తులో ఇప్పుడు గుండెపాఠం ఉన్నవారు పందొమ్మిది మంది ఉన్నారు. అందరికీ తెలియజేశాం. బండి ఇరవై రెండు నిమిషాల్లో వస్తుంది. ధైర్యంగా ఉండండి."

అబద్ధం కాదు. వరుసగా తలుపులు తెరుచుకున్నాయి. లుంగీలు ఎగగట్టుకుంటూ మగవాళ్ళు బయటికొచ్చారు. అందరికంటే ముందు వరాలు. నాలుగు అడుగుల దూరంలో ఉంది, చేతులు అప్పటికే ఒకదానిమీద ఒకటి చేరి నొక్కడానికి సిద్ధమయ్యాయి.

పైడమ్మ మొగుడి మొహం చూసింది. పెదాలు నల్లబడుతున్నాయి. ఆమె ఏమీ అనుకోలేదు. నలభై ఏళ్ళు ఎన్ని ఇళ్ళలోనో ఎత్తిన గొంతు దానంతటదే లేచింది.

"ఓ నా నాయుడో... నన్నెవులికి అప్పజెప్పి ఎల్తన్నావురో..."

వరాలు ఆగిపోయింది. మొహం పక్కకు తిరిగింది. వచ్చినంత వేగంగానే వెనక్కి వెళ్ళింది. వరండా పొడుగునా అందరూ వెళ్ళారు. తలుపులన్నీ ఒక్కసారే మూసుకున్నాయి, గడియలు పడ్డాయి.

పైడమ్మకు అర్థం కాలేదు. ఆమె ఆ ఆట ఎన్నడూ ఆడలేదు. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది, దించింది, లేచి తలుపులు బాదింది. "ఒలే వరాలూ! మీ మావే! తలుపు తియ్యే!" అని అరిచింది. తలుపు అవతల మనిషి నిలబడి ఉన్న అలికిడి తెలుస్తూనే ఉంది. ఎవరూ తియ్యలేదు. తియ్యకపోయేసరికి దుఃఖం మళ్ళీ పొంగింది, మళ్ళీ శోకం ఎత్తింది. తనకు తోచినట్టు రెండు చేతులతో అతని రొమ్ము రుద్దింది. అంతకంటే ఆమెకు ఏమీ రాదు. అలా ఎంతసేపు ఏడ్చిందో ఆమెకు తెలియదు. చివరికి గొంతు పూర్తిగా పోయి గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు, కాసేపటికి, తలుపులన్నీ కలిసికట్టుగా తెరుచుకున్నాయి. పందొమ్మిది మందీ పరుగెత్తుకొచ్చారు. ఒకరు అలిసిపోతే ఒకరు, ఏ ఒక్కరి చెయ్యీ తప్పకుండా, చల్లబడిన మనిషి ఛాతీని నొక్కారు. బండి వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నారు.

తెల్లవారాక వరాలు వచ్చి గడప బయటే కూర్చుంది. మెడ వెనక చర్మం ఎర్రగా కమిలి ఉంది. బిళ్ళ పీకేసినట్టుంది.

"నువ్వేనని తెలుసత్తా. మావకే అయిందనీ తెలుసు" అంది. "తలుపు ఎనకాల ఏడుస్తా నిలబడ్డాను. సెయ్యి గడియ మీదే ఉంది, కానీ తియ్యదు. నోరు లెక్కెడతానే ఉంది. నూట ఎనబై దాకా వచ్చీది, నువ్వు మళ్ళీ గొంతెత్తీదానివి. మళ్ళీ ఒకటి కాణ్ణుంచి."

పైడమ్మ ఆ మాటలను లోపల ఒక్కొక్కటే పేర్చుకుంది. తరువాత పోయిన గొంతుతో అడిగింది. "అయితే నానూరుకునుంటే వచ్చీవోళ్ళా?"

వరాలు గడప మీద తల ఆనించింది. పైడమ్మ రెండోసారి అడగలేదు. అప్పటిదాకా మొగుణ్ణి దేవుడు తీసుకుపోయాడని అనుకుంది. ఇప్పుడు ఆ మాట కూడా లేకుండా పోయింది.

శశాంక్ స్వయంగా వచ్చాడు. శవం కాళ్ళకు మొక్కాడు. "ఆటలోది ఆటలోనే ఉండిపోతుందనుకున్నామమ్మా. ఒంటికి ఆ తేడా తెలీదు" అన్నాడు. ఎక్కించిన పాఠాన్ని దించడం ఎలాగో ఎవరికీ తెలియదట. ఈత వచ్చినవాడి చేత ఈత మరిపించలేం కదా అన్నాడు. వెళ్ళబోతూ ఆగాడు, తల ఎత్తలేకపోయాడు. "పాడె మోసేవాళ్ళు కూడా... ఆడినవాళ్ళేనమ్మా. చెవుల్లో దూది పెట్టినా ఆగదు. మీరు..."

పైడమ్మ తల ఊపింది.

పాడె లేచినప్పుడు ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పళ్ళ మధ్య బిగించింది. అడుగడుక్కీ ఛాతీ ఎగిసిపడింది, శబ్దం మాత్రం బయటికి రానివ్వలేదు. ముందు నలుగురు మోస్తున్నారు, వెనక నలభై మంది నడుస్తున్నారు. అందరి కళ్ళూ ఆమె నోటి మీదే ఉన్నాయి. ఎందరి వెంటో ఏడ్చిన మనిషి తన మనిషి వెంట నోరు మూసుకుని నడిచింది. ఆడవాళ్ళు ఆగిపోయే మలుపు దగ్గర ఆగింది. పాడె కాలవ దాటి సరుగుడు తోటల్లోకి వెళ్ళిపోయింది. మిగిలిన ఆడవాళ్ళు ముందే తప్పుకున్నారు. వరాలు మాత్రం వెళ్ళలేదు.

"దూరమెల్లిపోనారత్తా. ఇంక ఏడు" అంది వరాలు, కొంగు మెల్లగా లాగేస్తూ.

"నువ్వున్నావు కదే."

"నాను కదల్ను. నిన్నట్టుకునే ఉంతాను. సత్తే సత్తాను గానీ వదల్ను." రెండు చేతులూ ఆమె చుట్టూ వేసి వేళ్ళలో వేళ్ళు బిగించింది.

పైడమ్మ ఆమె భుజం మీద తల వాల్చింది. మనిషి వెచ్చదనం తగిలేసరికి ఇంక ఆపుకోలేకపోయింది. బొంగురు గొంతులోంచి మొదటి పిలుపు బయటపడింది.

బిగించిన వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. "నాను కాదత్తా, నాను కాదు" అని వరాలు వెక్కివెక్కి ఏడుస్తోంది. ఏడుస్తూనే మొహం తిప్పుకుంది. ఏడుస్తూనే వాడ వైపు గబగబా నడిచి వెళ్ళిపోయింది.