ఎడమ కాలి అలవాటు

గురువారం పొద్దున తొలి విడత ఇళ్ళు ముగించుకుని ఒడీల్ కాఫీ కోసం ఇంటికొచ్చింది. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఇంజెక్షన్లు, కట్లు చూసే నర్సు ఆమె. రోజుకు పద్దెనిమిది ఇళ్ళు. కొండ మీద కట్టిన తియేర్ ఊళ్ళో ఎక్కుడో దిగుడో తప్ప చదును నేలన్నది లేదు కాబట్టి, కారు లేకపోతే ఆమెకు కాళ్ళు లేనట్టే. ఆ కారే మొన్న ఒక ఎత్తు వీధిలో రంకెలు వేసిందే గాని అంగుళం ముందుకు కదలలేదు. రెండు రోజులుగా గారేజీవాడు అరువిచ్చిన డొక్కు బండిలో తిరుగుతోంది.

వంటింట్లో ఆమె తండ్రి ఫెర్నాన్ పెద్ద గిన్నెడు కాఫీలో వెన్న రాసిన రొట్టె ముంచుకుంటున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు ఈ కొండదారుల్లోనే బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎదురుగా పదహారేళ్ళ మనవరాలు మాయెల్, బడి సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంతలో గారేజీ నుంచి ఫోన్ వచ్చింది. ఒడీల్ అవతలివాడు చెప్పిందంతా విని, ఫోన్ బల్ల మీద పెట్టింది.

"క్లచ్ ప్లేటు అరిగి రేకైపోయిందట. అరవై వేల కిలోమీటర్లకే. ఎవరో క్లచ్ పెడల్ మీంచి కాలు తియ్యకుండా నడుపుతున్నారంటున్నాడు."

తండ్రి వైపూ కూతురి వైపూ మార్చి మార్చి చూసింది.

"ఇంకెవరు? ఆదివారాలు మీరిద్దరూ చేసే నిర్వాకం ఇది. నాన్నా, పిల్లకి నడపడం నేర్పమన్నాను గాని నా బతుకుతెరువుని తగలెయ్యమన్నానా?"

పరీక్ష పాసయ్యేదాకా పిల్లలు కారు నడపాలంటే పక్కన పెద్దవాళ్ళొకరు ఉండాలి. ఆ పెద్దవారి పేరు ఇన్సూరెన్స్ కాగితాల్లో ఉండాలి. మాయెల్ కాగితాల్లో ఉన్నది ఫెర్నాన్ పేరు. ఆ ఆదివారపు రెండు గంటల కోసమే ఆయన శనివారం గడ్డం గీసుకుంటాడు.

"నీ పేరు తీసెయ్యమని ఇన్సూరెన్సువాళ్ళకి ఉత్తరం రాస్తాను," అంది ఒడీల్.

"అమ్మా, అసలు తాతయ్య..." అని మాయెల్ మొదలుపెట్టి, ఎందుకో ఆగిపోయింది.

"అలాగేలే తల్లీ. ముసలాణ్ణయ్యాను, పొరపాటు జరిగే ఉంటుంది," అన్నాడు ఫెర్నాన్. కారు గారేజీకి పోయేటప్పుడు వెనకనుంచి ఊడదీసి దాచిన బిళ్ళ, కొత్తగా నేర్చుకునేవాళ్ళ గుర్తు, సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. తరవాత గిన్నె కడుక్కున్నాడు.

శనివారం కారు తిరిగొచ్చింది. ఒడీల్ సంచీలో ఉత్తరం పెట్టుకుని, కూతుర్ని ఎక్కించుకుని పోస్టాఫీసుకి బయల్దేరింది. ఎత్తు వీధి మధ్యలో ఒక వ్యాను సామాను దింపుతోంది. ఒడీల్ దాని వెనక ఆగింది. కారు రవ్వంత ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

"అమ్మా, నీ ఎడమ కాలెక్కడుంది?"

ఒడీల్ కిందికి చూసుకుంది. కాలు పెడల్ మీద, సగం నొక్కి ఉంది.

"హ్యాండ్ బ్రేక్ వెయ్యి. ఎత్తులో కారుని చేత్తో ఆపాలి, క్లచ్‌తో కాదు. మొదటి ఆదివారమంతా తాతయ్య నాకు నేర్పింది అదొక్కటే. గేరు మార్చగానే కాలు నేల మీదకి రాకపోతే మోకాలి మీద మొట్టేవాడు."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"చెప్పబోయాను. బల్ల కింద నా చెయ్యి నొక్కేశాడు."

ఒడీల్ హ్యాండ్ బ్రేక్ లాగి, ఎడమ కాలు నేల మీద పెట్టింది. ఇంతకుముందున్న కారు క్లచ్ పోయినప్పుడు, విడిపోయిన మొగుణ్ణి తిట్టింది. ఆయన చేసిన తప్పులు చాలానే ఉన్నాయి గాని, పాపం, అది మాత్రం ఆయనది కాదు. వ్యాను కదిలింది. ఆమె పోస్టాఫీసు దాకా వెళ్ళకుండానే బండి తిప్పింది.

ఫెర్నాన్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు.

"నాన్నా, నేనేనని నీకు తెలుసు కదా?"

"పక్కన కూర్చుంటే చాలు, ఎవరి కాలెక్కడుందో చూడకుండానే తెలుస్తుందమ్మా."

"మరెందుకు నీ మీద వేసుకున్నావు?"

ఆయన చేతిలో దుంప చెక్కడం పూర్తి చేసి పక్కన పెట్టాడు.

"అయిదింటికి లేస్తావు. అన్ని ఇళ్ళు, అన్ని మెట్లు. ఇంటికొచ్చినా నిలబడే తింటావు. రోజంతా నీ కాలు కాస్త ఆనుకునేది ఆ పెడల్ మీదే. అదీ తియ్యమని ఏ నోటితో చెప్పను?"

ఒడీల్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎన్నాళ్ళకో ఆ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. "నీలాంటి నాన్న ఉన్నందుకు నేనెంత అదృష్టవంతురాలినో ఎప్పుడూ చెప్పలేదు," అంది. తరవాత సంచీలోంచి ఉత్తరం తీసి ఇచ్చింది.

"చదవమంటావా?"

"వద్దు. దాంట్లో తొక్కలు చుట్టు."

ఆదివారం ఫెర్నాన్ నున్నగా గడ్డం గీసుకుని మనవరాలి పక్కన కూర్చున్నాడు. నేర్చుకోవాల్సింది తనకీ ఉందంటూ ఒడీల్ వెనక సీట్లో ఎక్కింది. మొదటి ఎత్తులో మాయెల్ బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, కాలు నేల మీద పెట్టింది. "చూశావా అమ్మా?" అంది.

అద్దంలో వెనక సీటు వైపు చూసింది. చెప్పులు వదిలేసి, కాళ్ళు రెండూ సీటు మీదికి చాపుకుని, ఒడీల్ నిద్రపోయింది. ఫెర్నాన్ వెనక్కి తిరిగి చూసి, కుదుపు లేకుండా ఎక్కించమని మనవరాలికి సైగ చేశాడు.