ఎడారి బోరులో ఉప్పు

“మా ఊరి నీళ్ళు పాడైంది నా వల్లేనా, కాదా? అది తేల్చి చెప్పండి చాలు.”

డిటెక్టివ్ దగ్గరికి వచ్చినావిడ భూగర్భజలాల ఇంజనీరు. ఎడారి అంచున ఉన్న ఆ ఊరికి ఒక్కటే బోరు. నీటిమట్టం పడిపోతోందని దాన్ని ఇంకా లోతుకు దింపించింది ఆవిడే. కొన్నాళ్ళకే నీళ్ళు ఉప్పుకషాయమయ్యాయి. అడుగునున్న ఉప్పునీటిని పైకి లాగిందని ఊరంతా ఆవిణ్ణి ఆడిపోసుకుంటోంది.

డిటెక్టివ్ మర్నాడే అసిస్టెంటును వెంటబెట్టుకుని బయల్దేరింది. అడగాల్సింది అడిగి ఊరుకోవడం ఆమె పద్ధతి. ఆ ఊరుకోవడమంటేనే అసిస్టెంటుకు భక్తి.

బోరు పక్కనుంచి లోపలి నీళ్ళదాకా దిగే, నీటిమట్టం కొలిచే గొట్టానికి తాళం వేసి ఉంది.

“తాళంచెవి ఎవరెవరి దగ్గరుంది?”

“నా దగ్గరొకటి, పెద్దాయన దగ్గరొకటి అమ్మా,” అన్నాడు పంపు ఆపరేటరు. “పంపు నడిపేవాణ్ణని నన్ను కూడా అదోలా చూస్తున్నారు.”

అతను చాచిన అరచేతుల నిండా చిన్న చిన్న గట్టి పొక్కులు.

“ఇవేంటి?”

“పనిచేసే చేతులు కదమ్మా! ఆమధ్య పెద్దాయన కూడా అదేపనిగా చూశారు.”

పెద్దాయన అంటే ఇంజనీరు మామగారే. నీటి ల్యాబులో కెమిస్టుగా రిటైరయ్యాడు. బోరు వేసిన కొత్తలో నీళ్ళు మంచివని తేల్చింది ఆయనే. ఆ ఇంటి వంటగదిలో వరసగా నీళ్ళ క్యాన్లున్నాయి.

“ఉప్పు మొదలయ్యాక తెప్పిస్తున్నారా?”

“అంతకుముందు నుంచే,” అంది కోడలు. “బోరునీళ్ళు కడుపుకు పడటం లేదన్నారు మామగారు.”

“సరే. భూమిలో ఊరిన ఉప్పుకీ, కూరలో వేసే ఉప్పుకీ తేడా కనిపెట్టొచ్చా?”

ఇంజనీరు ఉలిక్కిపడింది. “బ్రోమైడ్ చూస్తే తెలుస్తుంది. నేను చూడనేలేదు! తప్పు నాదేనన్న దిగులులో బుర్ర పనిచెయ్యలేదు.”

నీళ్ళు సీసాలకు పట్టించి అసిస్టెంటుకిస్తూ డిటెక్టివ్ అంది: “ల్యాబులో బ్రోమైడ్‌తో పాటు విషాలు కూడా చూడమను.”

ఫలితాలొచ్చాక అందర్నీ పెద్దాయన ఇంటి హాల్లో కూర్చోబెట్టింది.

“అమ్మాయీ, తప్పు నీది కాదు. భూమిలోని ఉప్పునీటిలో బ్రోమైడ్ ఉంటుంది. ఇందులో లేనట్టే. అంటే ఎవరో గొట్టంలో వంట ఉప్పు పోస్తున్నారు. ఆపరేటరు ఈ నీళ్ళే తాగుతున్నాడు. తాగడం మానేసినవాళ్ళలో తాళంచెవి ఉన్నది ఒక్కరి దగ్గరే.” ఆమె పెద్దాయన వైపు తిరిగింది. “నీళ్ళలో ఆర్సెనిక్ ఉంది. రాతిపొరల్లోంచి దిగేది. రుచీ వాసనా ఉండదు. ఏళ్ళ తరబడి తాగితే అరచేతులు ఇలా అవుతాయి. ఆపరేటరు చేతులు చూశాకే మీకు తెలిసింది, అవునా?”

పెద్దాయన తల దించుకున్నాడు.

“అప్పట్లో ఆ ఒక్క పరీక్షా చెయ్యలేదమ్మా. చేశానని చెప్పేశాను. నిజం ఒప్పుకోడానికి నోరు రాలేదు. ఉప్పగా ఉంటే ఎవరూ తాగరనుకున్నా.”

“నేను తాగుతూనే ఉన్నా కదయ్యా,” అన్నాడు ఆపరేటరు మెల్లగా. “కొనుక్కునే స్తోమత ఎక్కడిది?”

పెద్దాయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

“మరి నన్ను అందరూ తిడుతుంటే?” అంది కోడలు. “రోజూ మీకు అన్నం వడ్డిస్తూ ఏడ్చాను కదా మామగారూ!”

“రోజూ చెప్పేద్దామనే అనుకున్నానమ్మా.”

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ముందు ఆపరేటరు కోసం డాక్టరుకు ఫోన్ చేసింది. తర్వాత మామగారితో అంది: “పదండి. ఊళ్ళో మీ నోటితోనే చెప్పాలి. పక్కన నిలబడతాను. కానీ నా ముఖం వైపు మాత్రం చూడకండి.”