ఎడమ చెయ్యి బిగుతు

పెళ్లయిన తొలి చలికాలంలో మా ఆయనకు స్వెటర్ అల్లడానికి పూనుకున్నాను. కళాశాలలో భౌతికశాస్త్రం బోధించేదాన్ని కనుక, అల్లిక అంటే ఉన్నితో చేసే లెక్కేనన్న అహంకారం నాకుండేది. తర్వాత జరిగినదానికంతటికీ మూలకారణం అదే.

వీపు, ఛాతీ, కుడి చెయ్యి సజావుగా పూర్తయ్యాయి. అంతలో, వంతెనలు కట్టే ఇంజినీరైన ఆయనకు కొండప్రాంతానికి బదిలీ అయింది.

"నువ్విక్కడే ఉండు. నీ క్లాసులు పాడైపోతాయి" అన్నారు.

రమ్మంటారని ఎదురుచూశాను. అనలేదు. పిలవని మనిషితో వస్తానని చెప్పడానికి నా డిగ్రీలు అడ్డొచ్చాయి. అందువల్ల మాటలు తగ్గించి, ఎడమ చెయ్యి అల్లాను.

సూదుల టకటక విని అత్తయ్య, "స్వెటర్ అల్లుతున్నావా, మోకు పేనుతున్నావా తల్లీ?" అన్నారు.

ప్రయాణం రోజు ఆయన దాన్ని తొడుక్కున్నారు. కుడి చెయ్యి హాయిగా దూరింది. ఎడమది మోచేతి దగ్గర ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. తరగతిలో ప్రశ్న అడగబోయే విద్యార్థిలా చెయ్యెత్తి నిలబడ్డారు.

"మేడమ్, ఒక డౌటు. నా చేతులు రెండూ ఒకే సైజు కదా?"

"ఒకటే. నా లెక్క తప్పలేదు."

"మరి?"

దారంలోని తన్యత గురించి, అంటే లాగితే వచ్చే బిగువు గురించి, ఏటా పాఠం చెప్పే నాకు జవాబు అప్పటికిగాని తట్టలేదు. కోపంతో లాగిన ఉన్ని బిగుసుకుంటుంది. నా లెక్కలో చేరని రాశి అదొక్కటే.

"అది... మీరు నన్ను రమ్మననప్పుడు అల్లింది" అన్నాను.

ఆయన నవ్వలేదు. "అడిగితే నా కోసం ఉద్యోగం మానేస్తావేమోనని భయమేసింది."

"అక్కడ మాత్రం కాలేజీలుండవా? అడిగి చూడాల్సింది."

"అయితే వస్తావా?"

"ముందు ఆ చెయ్యి లాగండి. విప్పి మళ్లీ అల్లాలి."

"ఇప్పుడు టైమెక్కడుంది? అక్కడికొచ్చి విప్పు."

తలుపు అవతల నుంచి అత్తయ్య గొంతు వినిపించింది: "ఇంతకీ కత్తెర తేనా, రెండో టికెట్ తెప్పించనా?"

కొండ మీది ఇంట్లో, అదే కొలతతో, ఎంతో శ్రద్ధగా ఆ చెయ్యి మళ్లీ అల్లాను. ఈసారి ఆయన వేళ్లు దాటి వేలాడింది. కారణం నాకు తెలుసు. పాఠంలో మాత్రం చేర్చలేదు.

ఆయన దాన్ని మడిచి తొడుక్కునేవారు. అదేమిటని ఎవరైనా అడిగితే గంభీరంగా చెప్పేవారు:

"మా ఆవిడ సంతోషంగా ఉందండీ."