నల్ల ప్లేటు

ప్రెస్సు యజమాని గుమ్మంలో చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి వచ్చేశాడు. డిటెక్టివ్ అప్పుడు మరిది చొక్కాకి గుండీ కుడుతోంది. దారం పంటితో తెంపి, ఆయనకి కుర్చీ చూపించింది.

"రెండు రోజుల్లో రెండు ప్లేట్లు పోయాయమ్మా, తాళం వేసే గదిలోంచి. ఎల్లుండి పుస్తకం ఆవిష్కరణ. నా పరువు బజారున పడేలా ఉంది."

"అన్నం తినే ప్లేట్లా?" అన్నాడు మరిది.

వదిన చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు. ఆవిడ ఏ కేసుకి వెళ్ళినా సంచీ పట్టుకుని వెనకాలే వెళ్తాడతను. వదిన బుర్ర ముందు ఎవరి బుర్రా పనికిరాదని అతని నమ్మకం.

"పేజీలన్నీ అచ్చు దిగిన పల్చటి అల్యూమినియం రేకులు నాయనా. అవి లేకపోతే మిషను తిరగదు," అన్నాడు యజమాని.

"అనుమానం ఎవరి మీద?" అంది డిటెక్టివ్.

"ప్లేట్లు చేసేవాడి మీదే. తాళంచెవి ఉండేది వాడి దగ్గర. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే రేపట్నించి రావద్దన్నాను." ఆయన గొంతు తగ్గింది. "పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాడు. అనడమైతే అనేశాను గానీ, పొద్దున్నించీ వాడి మొహం చూడలేకపోతున్నాను."

ప్రెస్సులో అందరూ 'ప్లేట్ల బాబాయి' అని పిలిచే ఆ మనిషి తొట్టి దగ్గర వేరే పుస్తకం ప్లేటు కడుగుతున్నాడు. డిటెక్టివ్ దగ్గరికొచ్చి పలకరిస్తే, తల తిప్పకుండానే అన్నాడు:

"దొంగని అడిగితే నిజం చెప్తాడా అమ్మా?"

"నేను పనివాణ్ణి అడుగుతున్నాను. పోయినవి ఏ ప్లేట్లు?"

ఆ మాటకి అతను ఇటు తిరిగాడు. "ఒకటే ప్లేటు, రెండుసార్లు. పోయిందని మళ్ళీ చేస్తే, అదీ పోయింది. మొదటి ఫారం నలుపు. పుస్తకం అయిదు ఫారాలు, ఫారానికి పదహారు పేజీలు. ప్రతి ఫారానికీ నీలం, గులాబీ, పసుపు, నలుపు అని నాలుగు ప్లేట్లు. మొత్తం ఇరవైలో పోయింది అదొక్కటే."

"పని చెడగొట్టాలంటే పసుపు తీసినా చాలదా?"

"ఏది తీసినా చాలు."

"మరి నలుపులోనే ఉండేది ఏమిటి?"

"చదివే మేటరంతా నలుపులోనే ఉంటుందమ్మా." కడిగిన ప్లేటుని ఎదురెదురు మూలలు పట్టుకుని, మధ్య భాగం పొట్టలా కిందికి జారనిచ్చి, తీగ మీద ఆరేశాడు. అతని వేళ్ళ మీద ఒక్క గీతా లేదు.

డిటెక్టివ్ మొదటి ఫారం ప్రూఫు తెప్పించుకుని చదివింది. పాతికేళ్ళుగా పుస్తకాల అట్టల మీద పేర్లు రాస్తున్న ఒక ఆర్టిస్టు అక్షరాలన్నీ ఒకచోట చేర్చిన పుస్తకం అది. మూడో పేజీలో ముందుమాట ఉంది. 'ఇందులో ప్రతి అక్షరమూ ఈ ఒక్క చేతిదే' అని ముగిసింది. మిగతా నాలుగు ఫారాల్లో అట్టల బొమ్మలే తప్ప, ఒక్క వాక్యం లేదు.

అంతలో ఆ ఆర్టిస్టే వచ్చాడు. నడుమెత్తు అట్టల ఫోల్డరుని గోడకి ఆనించి, బాబాయి వేసిన స్టూలు మీద కూర్చున్నాడు. రెండు బొటనవేళ్ళకీ గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి.

"దెబ్బ తగిలిందా అండీ?" అన్నాడు మరిది.

"అట్ట కోస్తుంటే బ్లేడు జారింది." ఆయన యజమాని వైపు తిరిగాడు. "అతను తీసి ఉండడండీ. వదిలేద్దాం. పుస్తకం ఇంకో నెల ఆగితే కొంప మునగదుగా?" అంటున్నప్పుడు ఆయన కళ్ళు బాబాయి మీదికి పోలేదు.

గేటు దగ్గర కాపలావాడు గట్టిగానే మాట్లాడాడు. "బయటికి పోయే ప్రతి సంచీ విప్పిస్తానమ్మా. టిఫిను డబ్బా మూత కూడా తీయిస్తాను."

"అందరివీనా?"

అతను తల గోక్కున్నాడు. "అందరివీ అంటే... పెద్దమనుషుల్ని విప్పమని ఎట్లా అడుగుతాం?"

ఆర్టిస్టు ఇంకా ప్రెస్సులోనే ఉండగా వదినా మరిదీ ఆయన ఇంటికి వెళ్ళారు. భార్య తలుపు తీసింది. ముందు గదిలో రాతబల్ల మీద బ్రష్షులు వరసగా, దుమ్ము పట్టి ఉన్నాయి. వంటింటి కిటికీలో గ్లాసులో ఒక్క బ్రష్షు నిలబెట్టి ఉంది. దాని కొన నల్లగా, తడిగా మెరుస్తోంది.

అసలు బొమ్మలు చూపించమని అడిగి, డిటెక్టివ్ వాటి ముందు వైపు కంటే వెనక వైపే ఎక్కువసేపు చూసింది. ఒక అట్ట వెనక గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: 'సబ్బులు, తెల్లదారం, బాబు లాగుకి హుక్కులు.'

"చేతికి ఏ అట్ట దొరికితే దాని మీద..." అని ఆమె ఆగిపోయి, కొంగుతో వేళ్ళు తుడుచుకుంది.

"మాతో ఒకసారి ప్రెస్సుకి రావాలమ్మా," అంది డిటెక్టివ్ మెల్లగా.

దారిలో మరిది వదిన చెవి దగ్గరికి వంగాడు. "నాకు మాత్రం చెప్పవూ?"

"నువ్వు చూడనిది నేనేం చూడలేదు. నువ్వు గ్లాసు చూశావు, నేను బ్రష్షు చూశాను."

మధ్యాహ్నం ప్లేట్ల గదిలో అందరూ చేరారు. భార్యని చూడగానే ఆర్టిస్టు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"పని చెడగొట్టేవాడు చేతికందిన ప్లేటు తీస్తాడు," అంది డిటెక్టివ్. "ఈ మనిషి అదే ప్లేటు రెండుసార్లు తీశాడు. అంటే ఆ ప్లేటులో ఉన్న మాటలు అచ్చు కాకూడదని. ఆ మాటలు ఒక్క ముందుమాటలోనే ఉన్నాయి. గదికి తాళం రాత్రిపూటే, పగలు ప్రూఫుల కోసం వచ్చేవాళ్ళు ఇక్కడ తిరుగుతూనే ఉంటారు. ఇంత రేకు మడత పడకుండా గేటు దాటాలంటే పెద్ద అట్టల ఫోల్డరు కావాలి, విప్పించడానికి మొహమాటపడే కాపలావాడు కావాలి."

కాపలావాడు టోపీ తీసి నేల చూశాడు.

"బ్లేడు ఒక చేతిలో ఉంటే తెగేది రెండో చెయ్యి. రెండు బొటనవేళ్ళూ తెగాయంటే, పట్టుకోవడం రానివాళ్ళు రేకు అంచు పట్టుకున్నారన్నమాట. ఇక, మీరు ఇక్కడుంటే మీ ఇంట్లో బ్రష్షు ఎందుకు తడిగా ఉంది? మీ బొమ్మల వెనక సబ్బుల పట్టీ ఎవరిది? మీరు దొంగిలించింది మీ పేరునేనండీ."

ఆర్టిస్టు భార్య వైపు చూశాడు. "మూడో ఏడు నా మణికట్టు విరిగింది. నెల రోజులు నా బదులు తను రాసింది. ఆ నెల అక్షరాలే బావున్నాయన్నారందరూ. కట్టు విప్పాక నాకు బ్రష్షు ముట్టుకోవాలంటే సిగ్గేసింది."

"చెప్పెయ్యాల్సింది కదండీ?" అన్నాడు మరిది.

"మొదటి రోజు చెప్పలేదు. రెండో రోజు, నిన్నెందుకు చెప్పలేదంటారని చెప్పలేదు. అలా ఇరవై రెండేళ్ళు." "ఈ ప్రూఫు కూడా తనే చదివింది. ఒక్క తప్పూ లేదని చెప్పి, అన్నం వడ్డించింది. ఆ ముద్ద నాకు దిగలేదు."

"నన్ను కూడా అనండి," అంది భార్య, నేల చూస్తూనే. "ఆయన సంతకం ఆరేదాకా విసనకర్రతో విసిరింది నేనే. రేకులు రెండూ మంచం కింద ఉన్నాయి. ఊడుస్తుంటే తగిలాయి. అడగలేకపోయాను."

డిటెక్టివ్ గొంతు గట్టిపడింది. "అబద్ధానికి సిగ్గుపడ్డారు, సరే. కానీ ఇతన్ని దొంగ అంటుంటే, ఇతను వేసిన స్టూలు మీదే కూర్చుని విన్నారు."

ఆర్టిస్టు తల ఇక లేవలేదు. యజమాని బాబాయి దగ్గరికి రెండడుగులు వేసి, "ఒరేయ్, నేను..." అని ఆగాడు.

"పద్దెనిమిదేళ్ళు చూశారు కదండీ నన్ను," అన్నాడు బాబాయి. మళ్ళీ తొట్టి వైపు తిరిగిపోయాడు. అంతకంటే తిట్టినా బావుండేదని యజమాని మొహమే చెప్పింది.

ఆర్టిస్టు పెన్సిలు తీసుకుని ప్రూఫులో చివరి వాక్యం కొట్టేశాడు. కింద వంకర అక్షరాలతో రాశాడు: 'మొదటి మూడేళ్ళవి తప్ప, ఇందులో ప్రతి అక్షరమూ నా భార్య రాసినదే. ఇన్నాళ్ళూ చెప్పనందుకు సిగ్గుపడుతున్నాను.' గంటలో కొత్త ప్లేటు తయారైంది.

బాబాయి దాన్ని కడిగి, ఆరబెట్టి, ఆయన ముందు పెట్టాడు. "మిషను దాకా మీరే తీసుకెళ్ళండి. మోసిన చేతులేగా."

ఆర్టిస్టు గుడ్డపీలికల వేళ్ళతో అంచు పట్టుకోబోయాడు.

"అంచు కాదు. తెగుతుంది," అన్నాడు బాబాయి, విసుగ్గానే. దగ్గరికొచ్చి ఆయన వేళ్ళు తీసి మూలల మీద పెట్టాడు. "ఇదిగో, ఇలా. పొట్ట కిందికి వదలండి."

ప్లేట్ల గది నుంచి మిషను దాకా ముప్ఫై అడుగులు. బైండింగు బల్ల దగ్గర కాగితాలు మడిచే ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. ఆయన చేతుల వణుకు రేకుకి పాకి, రేకు మోగడం మొదలుపెట్టింది. భార్య ఒక మూల సాయం పట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన మిషను దగ్గరికి చేరేదాకా ఆ చప్పుడు ఆగలేదు.